సెలవుల్లో యూరప్ తిరగబోయే పిల్లలకు: పాస్‌పోర్ట్, కార్డు, ఫోన్ ఒకే బ్యాగులో పెట్టకండి

పోయిన శనివారం రాత్రి పదిన్నరకు నాకొక ఫోన్ వచ్చింది. చేసింది గుంటూరు వైపు నుంచి ఒక తండ్రి. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. "బాబూ, మావాడు ఇటలీలో ఏదో స్టేషన్లో ఉన్నాడంట. అన్నీ పోయినాయంట. నువ్వు జర్మనీలో ఉంటావని వాడి ఫ్రెండు నీ నంబరిచ్చాడు" అన్నాడు. అప్పుడు గుంటూరులో తెల్లవారుజామున మూడు.

ఆ పిల్లవాడు జర్మనీలో మాస్టర్స్ మొదటి సంవత్సరం. మిలాన్ నుంచి వెనిస్ వెళ్లే రైలెక్కి, బ్యాక్‌ప్యాక్‌ను తల మీద రాక్‌లో పెట్టాడు. మధ్యలో ఒక స్టేషన్లో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద నుంచి ఎవరో కిటికీ అద్దం టకటకా కొట్టి, ఏదో అడుగుతున్నట్టు చేతులు ఊపాడు. వీడు అద్దం వైపు వంగి ఏంటని సైగ చేశాడు. పది సెకన్లు కూడా కాలేదు. తలుపులు మూసుకున్నాయి, రైలు కదిలింది. తలెత్తి చూస్తే రాక్ ఖాళీ. అద్దం కొట్టినవాడు, లోపల బ్యాగు తీసినవాడు ఇద్దరూ ఒకే ముఠా.

ఆ బ్యాగులో పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్ కార్డు, పర్సు, లాప్‌టాప్ ఉన్నాయి. పవర్ బ్యాంకుకు తగిలించి పెట్టిన ఫోన్ కూడా అందులోనే ఉంది. వాడి జేబులో మిగిలింది రూమ్ తాళం చెవి, రెండు యూరోల నాణెం. స్టేషన్ బయట ఒక పంజాబీ ఆయన ఫోన్ ఇస్తే, వాడికి గుర్తున్నది నాన్న నంబర్ ఒక్కటే.

క్రిస్మస్ సెలవులు దగ్గరపడ్డాయి. మీలో చాలామంది ఇప్పటికే బస్సులు, హాస్టళ్లు బుక్ చేసుకుని ఉంటారు. థర్మల్స్ వేసుకోండి, గ్లవ్స్ కొనుక్కోండి అని నేను చెప్పను. అవి మీకు తెలుసు. తెలియకుండా అందరూ చేస్తున్న తప్పు ఒకటుంది. పదేళ్లుగా ఇక్కడ ఉంటూ, ఆ ఒక్క తప్పు వల్ల సెమిస్టర్లు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. అన్నీ ఒకే బ్యాగులో పెట్టడం.

ఆ పిల్లవాడు నిర్లక్ష్యంగా ఉండే రకం కాదు. టికెట్లన్నీ ప్రింట్ తీసుకున్నాడు, హాస్టల్ అడ్రసులు రాసుకున్నాడు. నేను చూసినంతలో ఈ తప్పు ఎక్కువగా చేసేది జాగ్రత్త ఉన్నవాళ్లే. అన్నీ ఒకచోట ఉంటే ఏదీ మరిచిపోమని వాళ్ల నమ్మకం. ఇంట్లో మనం చూసింది కూడా అదే కదా. టెన్త్ మెమో నుంచి డిగ్రీ ప్రొవిజనల్ దాకా ఒరిజినల్స్ అన్నీ ఒకే ఫైల్లో పెట్టి, ఆ ఫైల్ బీరువాలో పెట్టి, తాళం అమ్మ దగ్గర ఉంటుంది. బీరువాకు ఆ పద్ధతి సరిపోతుంది. రైల్లో రాక్ బీరువా కాదు.

పాస్‌పోర్ట్ ఒక్కటే పోతే కష్టమే కానీ దాటగలం. కార్డు ఒక్కటే పోయినా అంతే. అన్నీ కలిసి పోతే ఏం జరుగుతుందో చూడండి. బ్యాంక్ కార్డు బ్లాక్ చేద్దామంటే యాప్ ఫోన్‌లో ఉంది. కొత్త ఫోన్ కొందామంటే కార్డు లేదు. సిమ్ తీసుకుందామంటే పాస్‌పోర్ట్ అడుగుతారు. పాస్‌పోర్ట్ కోసం కాన్సులేట్‌కు వెళ్తే పోలీసు ఫిర్యాదు, పాత పాస్‌పోర్ట్ కాపీ అడుగుతారు. కాపీ ఈమెయిల్‌లో ఉంది, కానీ వేరే కంప్యూటర్ నుంచి తెరవాలంటే ఓటీపీ ఆ పోయిన ఫోన్‌కే వస్తుంది. పర్మిట్ కార్డు మళ్లీ ఇవ్వాలంటే ముందు కొత్త పాస్‌పోర్ట్ ఉండాలి. ఒక్కొక్కటీ ఇంకొకదాని తోక పట్టుకుని ఉంటుంది. పైగా క్రిస్మస్ వారం, ఆఫీసులన్నీ మూత.

ఎంబసీ వాళ్లు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారుగా అని కొందరికి ధైర్యం. అది ఇండియాకు వెళ్లడానికి, ఒకవైపు ప్రయాణానికి మాత్రమే. మీ యూనివర్సిటీ ఉన్న ఊరికి తిరిగి రావడానికి అది పనికిరాదు. 2018లో నా క్లాస్‌మేట్ ఒకతను బార్సిలోనా మెట్రోలో ఇలాగే బ్యాగు పోగొట్టుకున్నాడు. ఆ కాగితంతో ఇంటికి వెళ్లి, కొత్త పాస్‌పోర్ట్ తీసుకుని, మళ్లీ వీసా తెచ్చుకుని వచ్చేసరికి ఫిబ్రవరి పరీక్షలు అయిపోయాయి. పార్ట్‌టైమ్ ఉద్యోగం పోయింది. వాళ్ల నాన్న లోన్ వాయిదాలు మాత్రం ఆగలేదు.

అందుకని మూడు చోట్ల పెట్టండి. పాస్‌పోర్ట్ ఒంటి మీద ఉండాలి. చొక్కా కింద నడుముకు కట్టుకునే పల్చటి గుడ్డ పౌచ్ చాలు. మా నాయనమ్మ సంతకు వెళ్తే డబ్బు రొండిన దోపుకునేది. సంచి పోయినా డబ్బు పోదని ఆమె లెక్క. ఆ లెక్కే మనకూ కావాలి. పర్మిట్ కార్డు ప్యాంటు జిప్ జేబులో, ఒక బ్యాంక్ కార్డుతో కలిపి పెట్టండి. పాస్‌పోర్ట్, పర్మిట్ కార్డు రెండూ కూడా ఒకచోట వద్దు. ఒకటి పోతే రెండోది మీరెవరో చెప్తుంది. జాకెట్ జేబు వద్దే వద్దు, ఎందుకంటే లోపలికి వెళ్లగానే జాకెట్ విప్పి కుర్చీకి తగిలిస్తాం. ఫోన్ ముందు జేబులో. బ్యాగులో పెట్టాల్సినవి రెండో బ్యాంక్ కార్డు, 50 యూరోల నోటు, అన్నిటి ఫొటోకాపీలు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు నాలుగు, చేత్తో రాసిన ఫోన్ నంబర్లు. బ్యాగు పోతే ఏడవండి కానీ ఇల్లు చేరతారు.

సరిహద్దు దాటేముందు

ఫొటోకాపీ ఉందిగా అని ఒరిజినల్ రూమ్‌లో వదిలేసి వెళ్లడం దీనికి తిరగేసిన తప్పు. షెంగెన్‌లో (మామూలుగా మధ్యలో సరిహద్దు తనిఖీలు ఉండని యూరప్ దేశాల్లో) తిరగాలన్నా ఒరిజినల్ పాస్‌పోర్ట్, ఒరిజినల్ పర్మిట్ కార్డు రెండూ చేతిలో ఉండాలి. షెంగెన్ కదా, ఎవరూ అడగరు అన్న రోజులు పోయాయి. 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టి, వాటిని పొడిగిస్తూ వచ్చింది. ప్రాగ్ నుంచి, సాల్జ్‌బర్గ్ నుంచి వచ్చే రాత్రి బస్సులు ఆపి పోలీసులు లోపలికి ఎక్కుతారు. నిద్ర మొహంతో ఉన్నప్పుడు టార్చ్ వేసి అడుగుతారు. ఒంటి మీద ఉంటే అర నిమిషంలో చూపించి మళ్లీ పడుకోవచ్చు.

షెంగెన్‌లో ఇప్పుడు 29 దేశాలున్నాయి. ఇంగ్లండ్ లేదు, ఐర్లాండ్ లేదు. జర్మనీ పర్మిట్ ఉన్నంత మాత్రాన పారిస్‌లో లండన్ రైలెక్కలేరు, దానికి వేరే వీసా కావాలి. కార్డు గడువు అయిపోయి, ఆఫీసు ఇచ్చిన ఫిక్షన్ కాగితం (కొత్త కార్డు వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక పత్రం) మాత్రమే ఉన్నవాళ్లు ఈ సెలవులకు దేశం దాటొద్దు. అపాయింట్‌మెంట్ దొరకలేదన్న మీ బాధ నాకు తెలుసు. అయినా దాటొద్దు.

హెల్త్ ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. మీ జర్మన్ పబ్లిక్ ఇన్సూరెన్స్ కార్డు వెనకవైపు ఉండే యూరోపియన్ కార్డు ఇటలీలో, ఫ్రాన్స్‌లో పనిచేస్తుంది. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు మాత్రం డెన్మార్క్‌లో, స్విట్జర్లాండ్‌లో, నార్వేలో, ఐస్‌లాండ్‌లో పనిచేయదు. ఫొటోల కోసం మనవాళ్లు ముందు పరుగెత్తేది స్విట్జర్లాండ్‌కే. కాలు విరిగితే బిల్లు మీదే. వెళ్లేముందు ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, పెద్ద ఖర్చు కాదు.

రైళ్లు, విమానాలు

డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ లోకల్ రైళ్లు, బస్సులకు నెలవారీ పాస్) దూరం వెళ్లే ఐసీఈ, ఐసీ, ఈసీ రైళ్లలో చెల్లదు. ఆలస్యమైందని తొందరలో ఎర్ర చార రైలెక్కారో, కనీసం 60 యూరోల ఫైన్. ఆ టికెట్‌తో సాల్జ్‌బర్గ్ స్టేషన్ వరకూ వెళ్లొచ్చు, అది దాటితే ఆస్ట్రియా టికెట్ కావాలి. ఇటలీలో లోకల్ రైలుకు కాగితం టికెట్ కొంటే, ఎక్కేముందే ప్లాట్‌ఫారం మీద ఉన్న మెషీన్లో దూర్చి ముద్ర వేయించాలి. డబ్బు కట్టినా ముద్ర లేకపోతే ఫైనే.

చవక విమానాల ఎయిర్‌పోర్టు పేరు చూసి మోసపోకండి. పారిస్ అని రాసిన బోవే ఎయిర్‌పోర్టు పారిస్‌కు దాదాపు 80 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అయితే ఫ్రాంక్‌ఫర్ట్‌కు 120 కిలోమీటర్ల దూరం. పొద్దున ఆరింటి ఫ్లైట్‌కు 15 యూరోలు పెట్టి, ముందు రాత్రంతా బస్టాండ్లో బ్యాగు మీద తల పెట్టి పడుకునేవాళ్లను చూశాను. దొంగలకు కావాల్సింది కూడా ఆ రాత్రే. ఆ బ్యాగులో అన్నీ ఉన్నాయా?

ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ ఊరికి వెళ్లేవాళ్లు ఇది వినండి. స్టేషన్ సరస్సుకు అవతల ఉంటుంది, ఊరు ఇవతల. మధ్యలో పడవ. ఆ పడవ రైళ్ల టైముకే నడుస్తుంది, చివరి పడవ పోతే రైలు కూడా పోయినట్టే. ఫొటోల్లో పడి టైము మరిచిపోతే, మంచులో రాత్రికి రూమ్ వెతుక్కోవాలి. మీ నెల బడ్జెట్‌లో ఆ రూముకు చోటు ఉండదు.

కొండల్లో డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడుతుంది. చివరి కేబుల్ కారు ఎన్నింటికో ఎక్కేటప్పుడే బోర్డు ఫొటో తీసుకోండి. మంచుచరియలు విరిగిపడే ప్రమాదాన్ని ఆల్ప్స్‌లో 1 నుంచి 5 వరకూ అంకెల్లో చెప్తారు. 3 అంటే మధ్యస్థమే కదా అనుకుంటారు. ఎక్కువమంది చనిపోయేది ఆ 3 మీదే. గుర్తులు పెట్టిన దారి వదలొద్దు.

కారు అద్దెకు తీసుకుందామనే రెండో సంవత్సరం అబ్బాయిలు కూడా వినాలి. జర్మనీకి వచ్చి ఉండటం మొదలుపెట్టిన ఆరు నెలల తర్వాత మీ ఇండియన్ లైసెన్సు ఇక్కడ చెల్లదు. ఇంటర్నేషనల్ పర్మిట్ ఉన్నా సరే. అద్దె కంపెనీ కారు ఇచ్చిందంటే చట్టం ఒప్పుకుందని కాదు. యాక్సిడెంట్ అయితే లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క, కేసు అవుతుంది. పక్కన కూర్చున్న నలుగురి ప్రాణాలు మీ చేతిలో ఉంటాయి. మంచు రోడ్డు మీద నేర్చుకోవద్దు.

ఇక వరసగా చెప్తాను, గుర్తుపెట్టుకోండి.

స్విట్జర్లాండ్‌లో అడుగుపెట్టేముందు మొబైల్ డేటా రోమింగ్ ఆపండి. అది ఈయూ కాదు, మీ ప్యాక్‌లో ఉందో లేదో చూసుకోండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

గడ్డకట్టిన చెరువు మీదికి దిగొద్దు. పక్కన పిల్లలు ఆడుకుంటున్నా దిగొద్దు.

డిసెంబర్ 24 మధ్యాహ్నం దాటితే జర్మనీలో షాపులు మూసేస్తారు, 25, 26 తేదీల్లో తెరవరు. తిండి ముందే కొనుక్కోండి.

పారిస్‌లో మోన్‌మార్త్ మెట్ల దగ్గర చేతికి దారం కడతామని వస్తారు. చేతులు జేబుల్లో పెట్టుకుని ఆగకుండా నడవండి.

సంతకం పెట్టమని అట్ట చాపితే ఆగొద్దు. అట్ట కింద ఇంకో చెయ్యి ఉంటుంది.

రాత్రి బస్సులో బ్యాగు పైన పెట్టొద్దు. కాళ్ల మధ్య పెట్టి, పట్టీ కాలికి చుట్టుకోండి.

కిటికీ ఎవరు కొట్టినా ముందు చెయ్యి బ్యాగు మీద వెయ్యండి, తర్వాత తల తిప్పండి.

యూరో వాడని దేశంలో ఏటీఎం యూరోల్లోకి మార్చమంటావా అని అడిగితే వద్దు అనే నొక్కండి.

మీరు చూడకుండా పోసిన గ్లాసు తాగొద్దు.

హాస్టల్లో స్నానానికి వెళ్లేటప్పుడు పౌచ్ కూడా బాత్రూమ్‌లోకి తీసుకెళ్లండి. దిండు కింద పెట్టొద్దు.

ప్రమాదం జరిగితే 112. యూరప్ అంతా అదే నంబర్. జర్మన్ బ్యాంక్ కార్డు బ్లాక్ చేయడానికి 116 116, బయటి దేశం నుంచి అయితే ముందు +49.

బ్యాగు పోయిందంటే అదే స్టేషన్లో పోలీసుల దగ్గరకు వెళ్లి కాగితం రాయించుకోండి. రేపు మా ఊళ్లో చెప్తాలే అనుకోవద్దు. ఆ కాగితం లేకుండా కాన్సులేట్‌లో పని మొదలవ్వదు. ఇటలీలో అయితే రోమ్‌లో ఎంబసీ, మిలాన్‌లో కాన్సులేట్ ఉన్నాయి. మీరు వెళ్లే ప్రతి దేశానికీ ఆ అడ్రసు, ఫోన్ నంబర్ చేత్తో రాసి బ్యాగులో కాకుండా జేబులో పెట్టుకోండి.

రూమ్‌మేట్ నంబర్ కంఠతా పెట్టండి. ఇక్కడ ఉండేవాళ్ల నంబర్ ఇంకొకటి కూడా. ఆ రాత్రి ఆ తండ్రి నాతో మాట్లాడినంతసేపు వెనక అమ్మ ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఇటలీ ఎక్కడుందో కూడా ఆమెకు తెలియదు.