గొంతు సాధన – 7వ పాఠం: ఫాల్సెట్టోనా, హెడ్ వాయిసా?

పోయిన పాఠంలో చెస్ట్ వాయిస్‌తో (మామూలుగా మాట్లాడేటప్పుడు వాడే నిండు గొంతు) పైకి వెళ్తూ గొంతు ఎక్కడ విరుగుతోందో రాసిపెట్టుకోమన్నాను. చాలా మగ గొంతులకు అది పియానో మీద మిడిల్ సి దాటాక వచ్చే ఇ, ఎఫ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. మన లెక్కలో ఒకటో శ్రుతిలో తారస్థాయి గాంధారం, మధ్యమం అన్నమాట. ఆ గడప దాటాక వచ్చేది ఏ గొంతో తేల్చుకోవడమే ఇవాళ్టి పని. (ఆడవాళ్ల గొంతు సంగతి వేరు. దానికి విడిగా పాఠం ఉంటుంది.)

నేను నేర్చుకునే రోజుల్లో పైస్వరం మెత్తగా వస్తే చాలు, అదే హెడ్ వాయిస్ అనుకుని ఆర్నెల్లు మురిసిపోయాను. ఒకరోజు మా ఆవిడ వంటింట్లోంచి "ఎవరండీ ఆవిడ?" అని అడిగింది. అప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. నిజమే, స్వరం కన్నా గాలే ఎక్కువ వినిపించింది.

ఫాల్సెట్టోలో స్వరతంత్రులు పల్చగా సాగి, అంచులు మాత్రమే అదురుతాయి. సాధన లేని గొంతులో అవి పూర్తిగా కలుసుకోవు కూడా. ఆ సందులోంచి గాలి పోతుంది కాబట్టి ఊపిరి తొందరగా అయిపోతుంది. మన సంగీతం మాస్టార్లు 'ఫాల్స్ వాయిస్' అని విసుక్కునేది దీన్నే. ఒపేరా టెనర్ (పైస్థాయిలో పాడే మగ గాయకుడు) పాడే హెడ్ వాయిస్‌లో తంత్రులు గట్టిగా కలుస్తాయి, చెస్ట్ వాయిస్‌తో లంకె తెగదు. అయితే గాలి ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. కౌంటర్‌టెనర్లు (ఆడగొంతు స్థాయిలో పాడే మగ గాయకులు) ఫాల్సెట్టోనే సాధన చేసి, గాలి పోకుండా ఖంగుమనేలా పాడతారు.

అందుకే నేను నమ్మే పరీక్ష మెస్సా ది వోచె, అంటే ఒకే స్వరాన్ని మెల్లగా పెంచి మళ్లీ తగ్గించడం. ఆ ఎఫ్ స్వరాన్ని 'ఊ' అంటూ వీలైనంత సన్నగా అందుకోండి. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు పెంచండి, మరో నాలుగు అంకెల్లో తగ్గించండి. హెడ్ వాయిస్ అయితే స్వరం నిండుగా పెరిగి, అదే దారిన వెనక్కి వస్తుంది. ఫాల్సెట్టో అయితే ఒక హద్దు దాటి పెరగదు. బలవంతపెడితే 'టక్'మని చెస్ట్ వాయిస్‌లోకి జారిపడుతుంది. ఆ 'టక్' వినబడిందంటే ఇక అనుమానం అక్కర్లేదు. మొదటిరోజు దాదాపు అందరికీ వినబడుతుంది, టెన్షన్ పడకండి.

పేర్ల గందరగోళం పాతదే. 1854లో చిన్న అద్దం, ఎండ వెలుగు సాయంతో తన స్వరతంత్రులను తానే చూసుకున్న పాటల మాస్టారు మాన్యుయెల్ గార్సియా కూడా ఫాల్సెట్టో అన్న మాటను వేరే అర్థంలో వాడాడు. ఆయన లెక్కలో అది చెస్ట్‌కు పైన, హెడ్‌కు కింద ఉండే మధ్యభాగం. కాబట్టి పాత పుస్తకాల్లో ఆ మాట కనబడితే తొందరపడకండి.

ఈ వారం రోజుకు పది నిమిషాలు, ఇ నుంచి జి వరకు ఒక్కో స్వరం మీద ఇదే చేయండి. గొంతు నొప్పిపెడితే ఆపేయండి. మొదటిరోజు రికార్డింగు, ఏడోరోజు రికార్డింగు మాత్రం చెరపకండి. ఎనిమిదో పాఠం ఆ రెండిటినీ పక్కపక్కన విని మొదలుపెడతాం.