పేశీ అన్నా కణమన్నా ఒకటే: ఉల్లిగడ్డ పొరతో కణ భాగాల పనిని పిల్లలకు చూపించే పద్ధతి

మహారాష్ట్రలోని మా కిన్వట్ పరిసరాల్లో పత్తి ఏరే రోజుల్లో చేతులకూ బట్టలకూ అంటుకుని ఇంట్లోకి వచ్చే తెల్లని పోగు ఒక్కొక్కటి ఒకే ఒక్క కణమన్న సంగతి, ఏళ్ల తరబడి పత్తి పండించిన వారిలో కూడా చాలామందికి తెలియదు. గింజ పైపొరలోని ఒక కణం సాగి సాగి 25 నుంచి 30 మిల్లీమీటర్ల పొడవు పెరుగుతుంది; దాని గోడకు లోపలి వైపున సెల్యులోజు పొరలు పొరలుగా పేరుకుంటుంది; కాయ పగిలి ఆరేసరికి లోపలి జీవపదార్థం ఎండిపోయి, గోడ మాత్రమే మెలికలు తిరిగిన నాడాలాగా మిగులుతుంది. కణమంటే కంటికి ఆననిదని బట్టీ పట్టిన పిల్లవాడి చేతిలో ముందుగా ఒక పత్తి పోగు పెట్టి, తరువాతనే సూక్ష్మదర్శిని దగ్గరికి పిలవడం మంచిదని నా అభిప్రాయం.

మా వైపు తెలుగు ఇళ్ల పిల్లలకు ఈ పాఠంలో మరో చిక్కు ఉంది. బడిలో చదువు మరాఠీలో సాగుతుంది. ఇంట్లో చెప్పే పెద్దలు తాము తెలుగులో చదువుకున్న మాటలతో చెబుతారు. మరాఠీ పుస్తకంలో కణాన్ని ‘పేశీ’ అంటారు. అదే పుస్తకంలో ‘కణ’ అన్న మాట రేణువుకు వాడతారు. అందువల్ల తండ్రి కణం గురించి చెబుతుంటే పిల్ల ఇసుక రేణువును ఊహించుకుంటుంది. కేంద్రకం, రిక్తిక (కణంలోని నీటి సంచి) రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే కనుక వాటితో ఇబ్బంది లేదు. ‘పేశీభిత్తికా’ అంటే మన కణకవచం, అంటే కణం గోడ అనీ, ‘హరితలవక’ అంటే హరితరేణువనీ, ‘తంతుకణికా’ అంటే మైటోకాండ్రియా అనీ, ‘లయకారికా’ అంటే లైసోజోము అనీ చెబితే చాలు. అయితే ఈ పేర్ల జాబితాతో పాఠం మొదలుపెట్టకూడదు. వస్తువును కంటితో చూసి, అది ఏం చేస్తుందో గ్రహించిన తరువాత ఏ భాషలో పేరు చెప్పినా పిల్లలకు నిలుస్తుంది.

కావలసినవి తక్కువే. బడి నుంచి అడిగి తెచ్చుకున్న మామూలు సూక్ష్మదర్శిని, నాలుగైదు గాజు స్లైడులు, కవర్‌స్లిప్పులు, సూది, అద్దుడు కాగితం, పలుచని అయోడిన్ ద్రావణం, వంటింటి ఉప్పు, ఒక ఎర్ర ఉల్లిగడ్డ. సూక్ష్మదర్శిని దొరకని చోట, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనూ ప్రకాశ్ బృందం రూపొందించిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు పరికరంతోనూ పని జరుగుతుంది. అది సుమారు 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది.

ఉల్లిగడ్డను నాలుగు ముక్కలుగా కోసి, నడిమి రేకులలో ఒకదాన్ని తీసుకోవాలి. దాని లోపలి వంపు పైకి ఉండేలా పట్టుకుని వెనక్కి విరిస్తే, విరిగిన అంచు వెంట పలుచని, పారదర్శకమైన పొర వేలాడుతుంది. దాన్ని చిమటాతోనో గోటితోనో మెల్లగా లాగి, వెంటనే నీళ్లలో వేయాలి. గాలికి ఉంచితే చుట్ట చుట్టుకుంటుంది, ఆ తరువాత ఎంత సవరించినా పరచుకోదు. గోరంత ముక్కను స్లైడు మీద నీటి బొట్టులో పరిచి, ఒక బొట్టు అయోడిన్ వేసి, రెండు నిమిషాలు ఆగాలి. కవర్‌స్లిప్పును ఒక అంచు ముందుగా ఆనించి, రెండో అంచును సూదితో ఆపుతూ నెమ్మదిగా దించాలి. ఇక్కడ తొందరపడితే గాలి బుడగలు చిక్కుతాయి. పోయినేడు మా పక్కింటి పిల్ల ఒకతె కంటి దగ్గర కటకం పెట్టగానే, “సారూ, కేంద్రకం దొరికింది, ఎంత గుండ్రంగా ఉందో!” అని ఎగిరి గంతేసింది. నేను చూస్తే అది నల్లని మందపాటి అంచు ఉన్న గాలి బుడగ. కవర్‌స్లిప్పు మీద సూదితో మెల్లగా నొక్కితే బుడగ జరుగుతుంది, కేంద్రకం దాని కణాన్ని విడిచి జరగదు. ఆ ఒక్క పరీక్షతో తేడా తెలిసిపోతుంది.

ఎప్పుడైనా అన్నిటికన్నా తక్కువ శక్తి గల కటకంతోనే మొదలుపెట్టాలి. పెద్ద మరను తిప్పి కటకాన్ని కిందికి దించేటప్పుడు కన్ను పక్కనుంచి స్లైడును చూస్తూ ఉండాలి. చూపు కటకంలో ఉంచి దించితే స్లైడు పగులుతుంది, ఆ నష్టాన్ని బడి మన దగ్గరే వసూలు చేస్తుంది. బొమ్మ స్పష్టమయ్యాక శక్తిని పెంచి, ఆపైన చిన్న మరను మాత్రమే తిప్పాలి. ఇటుకలు పేర్చిన గోడలాగా పొడవాటి గదులు వరుసగా కనిపిస్తాయి. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసినవి ఇటువంటి గదులే, కాకపోతే అవి ఖాళీవి. మన పొరలో ఒక్కొక్క గదికి ఒక పసుపుపచ్చని చుక్క ఉంటుంది; అదే కేంద్రకం. అది చాలా కణాలలో నడుమ కాక గోడ పక్కన ఎందుకు ఒదిగి ఉందో పిల్లలనే అడగాలి. కణం నడిమి భాగమంతా నీళ్లతో నిండిన పెద్ద రిక్తిక ఆక్రమించుకుంది కనుక, కణద్రవ్యమూ కేంద్రకమూ అంచుకు నెట్టబడ్డాయి.

కణం ఎంత పొడవో కొలిపించడం మరిచిపోకూడదు. స్లైడు స్థానంలో పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పెట్టి, 4 రెట్ల కటకంతో చూస్తే వెలుగు వలయం అడ్డంగా సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. కటకాన్ని 10 రెట్లకు మారిస్తే అది సుమారు 1.8 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఆ వెడల్పులో కొస నుంచి కొసకు ఆరు కణాలు పట్టాయంటే, ఒక్కొక్కటి 0.3 మిల్లీమీటర్లన్న మాట.

ఇక ఉప్పు ప్రయోగం. నన్నడిగితే మొత్తం పాఠంలో ప్రాణం వంటిది ఇదే, కనుక దీనికి ఒక సాయంత్రమంతా ఇవ్వాలి. ఈసారి ఎర్ర ఉల్లిగడ్డ రేకుకు బయటి వైపున ఉండే ఊదారంగు పొరను తీసుకోవాలి. ఆ రంగు రిక్తికలోని నీళ్లలో కరిగి ఉంటుంది కాబట్టి అయోడిన్ అక్కర లేదు. మామూలు నీటిలో చూస్తే రంగు గోడ నుంచి గోడ దాకా నిండి ఉంటుంది. 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక చెంచా, అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు కలిపి, కవర్‌స్లిప్పు ఒక అంచున రెండు చుక్కలు వేసి, ఎదుటి అంచున అద్దుడు కాగితం ఆనిస్తే ఉప్పునీరు లోపలికి పాకుతుంది. కొద్ది నిమిషాల్లో ఊదారంగు ముద్ద గోడను విడిచి లోపలికి కుంచించుకుపోతుంది, గోడ మాత్రం ఉన్నచోటే నిలబడుతుంది. గోడ వేరనీ, దానికి లోపల ఆనుకుని కణత్వచమనే మరో పలుచని పొర ఉందనీ చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు. బయట ఉప్పు ఎక్కువై నీరు తక్కువైతే, త్వచం ఉప్పును అంత సులువుగా లోపలికి రానివ్వకుండా నీటిని మాత్రం బయటికి పోనిస్తుంది. ఉప్పునీటిని అద్దేసి మళ్లీ మంచినీరు పంపితే, ఎక్కువసేపు ఆలస్యం చేయని పక్షంలో, రంగు తిరిగి గోడను చేరుతుంది.

త్వచం గుండా నీరు ఇలా కదలడానికి ద్రవాభిసరణ అన్న పేరు ఇప్పుడు చెప్పవచ్చు. మామిడికాయ తొక్కుకు ముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లవారేసరికి అడుగున ఊట చేరడం, యూరియా వేరుకు మరీ దగ్గరగా పడితే పత్తి మొక్క వాడిపోవడం, వాడిన కొత్తిమీరను నీళ్లలో పెడితే నిక్కపొడుచుకోవడం, అన్నీ ఈ త్వచం పనులేనని పిల్లలు తామే వరుసగా చెబుతారు. తరువాత అదే పొరను మరిగే నీటిలో ఒక నిమిషం ముంచి చూపించాలి. రంగు బయటికి కారిపోతుంది, ఉప్పునీరు వేసినా ముడుచుకోదు. గోడ చెక్కుచెదరకుండా ఉంది, త్వచం చెడింది. కాపలా లేని కణం ఉత్త డబ్బా.

నీటికుంటలలో దొరికే హైడ్రిల్లా అనే నీటిమొక్క ఆకును కొసవైపు నుంచి తుంచి అలాగే పెడితే చాలు, పలుచని కోతలు తీయనవసరం లేదు. ఆకు మందమే దాదాపు రెండు కణాలు. కాస్త వెచ్చని వెలుగులో ఓపికగా చూస్తే పచ్చని హరితరేణువులు గోడ వెంట ఒకదాని వెనుక ఒకటి నెమ్మదిగా సాగుతూ కనిపిస్తాయి. చెంప లోపల శుభ్రమైన పుల్లతో మెల్లగా గీకి తీసిన కణాలకు కవచం లేదు కనుక అవి ఇటుకల్లాగా కాక మడతలు పడిన రేకుల్లాగా ఉంటాయి. పుల్లలు ఎవరివి వారే వాడి పారేయాలి.

కణం లోపలి మరీ చిన్న భాగాలైన మైటోకాండ్రియా, రైబోజోములు, అంతర్జీవద్రవ్యజాలం, గాల్జీ సంక్లిష్టం ఈ స్లైడులలో కనిపించవని ముందే నిజాయితీగా చెప్పాలి. వెలుగుతో పనిచేసే పరికరం మిల్లీమీటరులో అయిదువేలవ వంతుకన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపించలేదు. రైబోజోము అంతకన్నా దాదాపు పది రెట్లు చిన్నది. కణాన్ని ఊరితోనో కార్ఖానాతోనో పోల్చి, కేంద్రకం సర్పంచి, మైటోకాండ్రియా కరెంటు ఆఫీసు అని చెప్పే పద్ధతి నాకు నచ్చదు. పిల్లలు పోలికను గుర్తుంచుకుని పనిని మరిచిపోతారు. దానికి బదులు ఒకే వస్తువును పట్టుకుని దాని వెంట నడవాలి. అందుకు లాలాజలం సరిపోతుంది.

అన్నం వార్చిన గంజిని చల్లార్చి, పలుచన చేసి, రెండు గ్లాసుల్లో చెంచాడు చొప్పున పోయాలి. ఒకదానిలో చెంచాడు ఉమ్మి, రెండోదానిలో చెంచాడు నీళ్లు కలిపి, పావుగంట ఆగి, రెండింటిలోనూ ఒక్కో చుక్క అయోడిన్ వేయాలి. నీళ్ల గ్లాసు ముదురు నీలం అవుతుంది, ఉమ్మి గ్లాసులో నీలం వెలిసిపోతుంది, లేదా అసలే రాదు. జొన్నరొట్టెను మింగకుండా చాలాసేపు నమిలితే తియ్యగా తగలడానికీ కారణం ఇదే. పిండిపదార్థాన్ని అమైలేజ్ అనే ప్రోటీను చక్కెరగా విడగొడుతోంది. ఆ ప్రోటీనుకు కావలసిన సమాచారం లాలాజల గ్రంథి కణంలోని కేంద్రకంలో ఉంది. దాని నకలు బయటికి వచ్చి, అంతర్జీవద్రవ్యజాలానికి అతుక్కున్న రైబోజోముల దగ్గర ప్రోటీనుగా తయారై, ఆ జాలంలో మడతలు పడి, గాల్జీ సంక్లిష్టంలో సర్దుకుని, చిన్న సంచులలో త్వచం దాకా వెళ్లి, నోట్లోకి విడుదల అవుతుంది. ఈ దారిలో ప్రతి మెట్టుకూ ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగాన్ని మైటోకాండ్రియా సమకూరుస్తుంది. చెంప కణంలోనూ అదే సమాచారం ఉంది, కానీ అక్కడ దాన్ని చదవడం జరగదు. ఈ మాట దగ్గర తెలివైన పిల్లలు తప్పకుండా ఆగి ఎందుకని అడుగుతారు, ఆ జవాబును పై తరగతికి వాయిదా వేయవచ్చు.

బొమ్మలు వేయించేటప్పుడు ఉల్లి కణానికి ఒక పుట, పుస్తకంలోని నమూనా కణానికి మరో పుట కేటాయించాలి. మొదటి పుటలో కంటికి కనిపించినవే ఉండాలి. ఉల్లి పొరలో హరితరేణువులు గీసిన పిల్లవాడు స్లైడును కాక పుస్తకాన్ని చూసి గీశాడని అర్థం. పెన్సిలుతో గీసి, కుడివైపు మరాఠీ పేరు, ఎడమవైపు తెలుగు పేరు రాయించి, ఏ కటకంతో చూశారో, కొలత ఎంత వచ్చిందో కింద వేయించాలి.