ఇంట్లో ఎవరైనా బెట్టింగ్‌లో కూరుకుపోతే ఏం చేయాలి?

బెట్టింగ్‌లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లందరికీ అది వ్యసనం కాదు. ‘పోతే పోయింది’ అని ఫోన్ పక్కన పెట్టేవాళ్లు ఉంటారు. ‘పోయింది రాబట్టుకుని మానేస్తా’ అంటూ మళ్లీ వేస్తున్నారంటే మాత్రం జాగ్రత్తపడాలి.

1. ముందు గుర్తుపట్టండి. మందు తాగినట్టు వాసన రాదు, తూలరు. అందుకే చాలా ఇళ్లలో లోన్ యాప్ వాళ్లు ఫోన్ చేసేదాకా సంగతి తెలియదు. పందెం మొత్తం పెంచుకుంటూ పోవడం, అబద్ధాలు, అందరి దగ్గరా చేబదుళ్లు, ఆడకపోతే చిరాకు గమనించండి. డాక్టర్లు చూసే తొమ్మిది లక్షణాల్లో ఏడాది వ్యవధిలో కనీసం నాలుగు ఉంటే అది జబ్బే.

2. అప్పుల లెక్క తీయండి. తిడితే సగమే చెబుతారు. ఎవరు ఏ బ్యాంకులో, ఏ లోన్ కంపెనీలో ఎంత అప్పు తీసుకున్నారో నమోదు చేసే సిబిల్ వంటి సంస్థలు ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే క్రెడిట్ రిపోర్టును పక్కన కూర్చుని చూడండి. నోటు రాసి తెచ్చిన వడ్డీ అప్పులు, స్నేహితుల బాకీలు అందులో ఉండవు, వాటిని అడిగి రాసుకోవాలి.

3. డబ్బు చేతికందకుండా చూడండి. వారి ఒప్పుకోలుతోనే జీతం ఇంకొకరి ఖాతాకు మళ్లించండి, యూపీఐ పరిమితి తగ్గించండి. యాప్ తీసేస్తే చాలదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో నిషేధించినా టెలిగ్రామ్ లింకులు వస్తూనే ఉన్నాయి.

ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు పొలం అమ్మి అప్పంతా ఒక్కసారే కట్టేస్తారు. నా ఉద్దేశంలో అంతకంటే పెద్ద పొరపాటు లేదు. తల మీద భారం దిగగానే మళ్లీ ఆడే ధైర్యం వస్తుంది, పైగా కొత్త అప్పు పుడుతుంది. చికిత్స మొదలయ్యాక అప్పిచ్చినవాళ్లతో మాట్లాడి, ఆడిన మనిషి సంపాదనలోంచే వాయిదాల్లో కట్టించండి.

4. డాక్టరుకు చూపించండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ‘టెలి మానస్’ కౌన్సెలర్లు తెలుగులో, ఉచితంగా, ఏ వేళలోనైనా మాట్లాడతారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ‘పిచ్చాసుపత్రా!’ అని బంధువులు అంటే అననివ్వండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ఆడాలనే ఆలోచన వచ్చిన క్షణంలో ఏం చేయాలో కౌన్సెలింగ్‌లో నేర్పుతారు. డిప్రెషన్ ఉంటే మందులిస్తారు.

‘నేను పోతే మీకు టెన్షన్ ఉండదు’ లాంటి మాట వినబడితే పై వరుసంతా పక్కన పెట్టండి. ఒంటరిగా వదలకండి, వెంటనే 14416కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి, దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

5. మళ్లీ ఆడితే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. క్రికెట్ బెట్టింగ్ అయితే ఐపీఎల్ మొదలయ్యే ముందు వారానికే అపాయింట్‌మెంట్ తీసుకోండి.