తొలకరికి ముందే: తాబేలు ఉన్న ఇంట్లో పురుగుమందుల విషయంలో జాగ్రత్తలు

మే నెలాఖరున గోదావరి డెల్టాలో కాలువలు ఇంకా ఎండి ఉండగానే ఇళ్లల్లో దోమల చుట్టలు, చీమల పొడి, ఎలుకల బిళ్లలు కొని పెట్టుకుంటారు. జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు వదలటం, తొలకరి పడటం, నారుమళ్లు పోయటం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి. కలుగుల్లోకి నీరు చేరగానే చీమలు, జెర్రులు, ఎలుకలు గడప దాటి లోపలికి వస్తాయి. వాటి మీద మందు చల్లటం మనకు అలవాటైన పనే. అయితే పెరట్లో తాబేలు తొట్టి ఉన్నవారు ఆ అలవాటును మార్చుకోక తప్పదు. వానాకాలంలో పెరట్లో ఎక్కడ చల్లిన మందైనా నీటి వెంట పల్లానికి చేరుతుంది, తొట్టి చాలా ఇళ్లలో ఆ పల్లంలోనే ఉంటుంది.

ఇక్కడ చెబుతున్నది అక్వేరియం దుకాణాల్లో అమ్మే, కంటి వెనుక ఎర్రచార ఉండే అమెరికా జాతి తాబేలు గురించి. నక్షత్ర తాబేలును గాని, మన చెరువుల్లో, వరిచేలలో కనిపించే తాబేళ్లను గాని ఇంట్లో పెంచటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వానకు దారితప్పి పెరట్లోకి వచ్చిన తాబేలును దాని దారిన పోనివ్వాలి. ఈ జాగ్రత్తలు దానికీ మేలు చేస్తాయి.

తాబేలు ఏ నీటిలో ఈదుతుందో ఆ నీటినే తాగుతుంది, అందులోనే తింటుంది, అందులోనే విసర్జిస్తుంది. దాని శరీరంలో ప్రతి పనీ నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి లోపలికి పోయిన విషం బయటకు పోవటానికి చాలా కాలం పడుతుంది. మనకున్నట్లు దానికి ఛాతీకి, పొట్టకు మధ్య కండబలం గల పొర (ఉదరవితానం) లేదు, అందువల్ల ఊపిరితిత్తుల్లోకి చేరినదాన్ని గట్టిగా దగ్గి బయటకు పంపలేదు. విషం తిన్న కుక్క చాలాసార్లు ఆ సాయంత్రమే వాంతి చేసుకుంటుంది, తాబేలు మాత్రం ఒక్కోసారి మూడు నాలుగు రోజులు ఏమీ ఎరగనట్లు ఉండి, ఆ తరువాత తిండి మానేస్తుంది. అప్పటికి మనం చల్లిన మందు సంగతి మరచిపోయి ఉంటాము. మా ఇంట్లో ఒకసారి తొట్టి చుట్టూ చీమల సుద్దముక్కతో గీత గీశాము. రాత్రి కురిసిన జల్లుకు ఆ గీత కరిగి తొట్టిలోకి జారింది. దాని పర్యవసానం మాకు తెలిసింది నాలుగో రోజున, తాబేలు మెడ చాచలేక నీటి అంచున పడి ఉన్నప్పుడు. అది బతికింది కాని, తిరిగి తిండి ముట్టటానికి మూడు వారాలు పట్టింది. ఆ సుద్దముక్కల్లో సాధారణంగా ఉండేవి డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి, పైరెత్రాయిడ్లు అనే జాతి పురుగుమందులు. ఇవి జలచరాలకు చాలా ప్రమాదకరమైనవి, పైగా ఒళ్లు చల్లబడిన జీవి మీద మరింత తీవ్రంగా పనిచేస్తాయి.

డబ్బా మీద ఆకుపచ్చ త్రికోణం ఉంది కదా అని ధైర్యపడకూడదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల త్రికోణాలు ప్రయోగశాలలో ఎలుకల వంటి జంతువులకు ఆ మందు ఎంత మోతాదులో ప్రాణాంతకమో చూసి నిర్ణయించినవి. తాబేలుకు, చేపకు అది ఎంత హాని చేస్తుందో ఆ రంగు చెప్పదు.

దోమల విషయంలో మందు అవసరం నిజానికి చాలా తక్కువ. గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా దోమకు మన వానాకాలపు వేడిలో వారం నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి, తొట్టి నీటిని వారానికి రెండుసార్లు పూర్తిగా మార్చి, అంచులను గట్టిగా రుద్ది కడిగితే అందులో దోమ పుట్టే వీలే ఉండదు. కొబ్బరి డొక్కలు, చిప్పలు, పూలకుండీల కింది పళ్లేలు, పాత టైర్లు నిల్వనీరు పారబోసే శుక్రవారం డ్రై డే నాడే బోర్లించటం మంచిది. నీళ్ల తొట్లలో మందు వేయటానికి వచ్చే ఆరోగ్య సిబ్బందికి తాబేలు తొట్టిని ముందుగానే చూపించి, దాన్ని మీరే ఖాళీ చేస్తారని మర్యాదగా చెప్పండి; వారు వేసే టెమిఫాస్ నరాల మీద పనిచేసే ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందు. నీరు మార్చటం వీలుకాని పెద్ద కొలనైతే బీటీఐ అనే బాక్టీరియా మందు వాడవచ్చు. అది దోమ పిల్లలను చంపుతుంది, తాబేలు జోలికి పోదు. కిరసనాయిలు, వాడేసిన ఇంజన్ ఆయిల్ మాత్రం ఎన్నడూ పోయకండి. ఊపిరి కోసం పైకి వచ్చిన ప్రతిసారీ తాబేలు ముక్కు ఆ నూనె పొరలోనే తేలుతుంది. తాబేలు ఉన్న మూసిన గదిలో దోమల చుట్ట గాని, ప్లగ్గుకు పెట్టే ద్రవం గాని వద్దు. తొట్టికి దోమతెర గుడ్డ కడితే సరిపోతుంది.

చీమలకు మన ఇళ్లలో పాలగిన్నె చుట్టూ నీళ్ల పళ్లెం పెట్టే పద్ధతి ఉంది. తొట్టిని నాలుగు ఇటుకల మీద ఎత్తి, ప్రతి ఇటుకను నీళ్ల పళ్లెంలో నిలబెడితే ఎర్రచీమలు ఎక్కలేవు. తినగా మిగిలిన మేతను అరగంటలో తీసేయటం అంతకంటే ముఖ్యం. బొద్దింకలకు చిమ్మే మందు బదులు, అలమర కీళ్ల సందుల్లో, తాబేలు తిరగని ఎత్తులో, జెల్ మందును చుక్కలుగా పెట్టవచ్చు. ఆ చుక్క తిని చచ్చిన బొద్దింకను తాబేలు తినకుండా రోజూ ఊడ్చి పారేయాలి.

కోనసీమలో ఎలుకల బెడద ఇంటికంటే కొబ్బరిచెట్టు మీదే ఎక్కువ. మొవ్వులో పెట్టిన బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు బిళ్లలు గాలికీ వానకూ కింద రాలుతాయి. కొమ్ముపురుగు రాకుండా మట్టల మొదళ్లలో పెట్టే కలరా ఉండలూ అలాగే జారి పడతాయి. అందువల్ల మందు పెట్టిన చెట్టు కింద తాబేలును వదలవద్దు. ఇంట్లో ఎలుకలకు బోను వాడండి. జిగురు అట్టలు వద్దు, చిన్న తాబేలు వాటికి అంటుకుంటే చర్మం ఊడివస్తుంది. నిద్రపోతున్న తాబేలు కాళ్లను ఎలుకలు కొరికే ప్రమాదం ఉంది కనుక రాత్రిపూట తొట్టికి ఇనుప జాలీ మూత తప్పనిసరి. తెల్లదోమకు కొబ్బరి మీద వేపనూనె కొట్టేవారు కింద ఉన్న తొట్టిని ముందుగా తీసేయాలి. వేప మనకు మంచిదే గాని, నీటిలో బతికేవాటికి కాదు.

నత్తలకు వేసే బిళ్లలు అన్నిటికంటే మోసకరమైనవి, ఎందుకంటే నత్త తాబేలుకు ఇష్టమైన తిండి. సాయంత్రం తడి గోనెసంచి పరచి, తెల్లవారి దాని కింద చేరిన నత్తలను ఏరి ఉప్పునీటిలో వేయటమే మేలు. కడియం నర్సరీల నుంచి మొక్క తెచ్చినప్పుడు కుండీలో పురుగుమందు గుళికలు వేశారా అని అడగండి, జవాబు తెలియకపోతే ఆ మొక్కను తాబేలుకు అందకుండా ఉంచండి.

పంచాయతీ వారు పొగ కొట్టే రోజున, పక్క చేలో డ్రోనుతో మందు కొట్టే రోజున తాబేలును లోపలి గదికి చేర్చి, కిటికీలు మూసి, మరునాడు తొట్టి కడిగాకే తిరిగి వదలండి. వేసవి మూత తరువాత కాలువకు వచ్చే తొలి నీటిలో నెలల తరబడి పేరుకున్న చెత్తంతా కొట్టుకువస్తుంది. దాన్ని తొట్టికి పట్టవద్దు. నారుమడి, వరిచేల మీదుగా వచ్చిన నీరూ అంతే. వరద తీశాక వీధిలో చల్లే బ్లీచింగ్ పౌడరు, గచ్చు కడిగే ఫినాయిల్ తాబేలు నడిచే చోట ఉండకూడదు.

కుక్కకో పశువుకో గోమార్లకు ఐవర్‌మెక్టిన్ ఇచ్చి, అదే సీసా తాబేలుకు నులిపురుగుల మందుగా వాడిన సందర్భాలు ఉన్నాయి. ఆ మందు తాబేళ్లకు పక్షవాతం తెచ్చి చంపుతుంది. ఎవరు సలహా ఇచ్చినా ఒప్పుకోకండి. వానాకాలంలో గాయం మీద ఈగ వాలి పురుగులు పడితే, పశువుల పుండుకు పూసే టర్పెంటైన్ పూయకుండా వైద్యుని దగ్గరికే తీసుకువెళ్లండి.

నోటి నుంచి నురగ, వణుకు, వాలిన మెడ, ఒక పక్కకు ఒరిగి ఈదటం కనిపిస్తే వెంటనే నీటిలోంచి తీయండి, ఎందుకంటే నీరసించిన తాబేలు తన తొట్టిలోనే మునిగి చనిపోతుంది. ఒంటిని గోరువెచ్చని మంచినీటితో ధారగా కడిగి, తడి గుడ్డ పరచిన, గాలి ఆడే పెట్టెలో ఉంచండి. పాలు, మజ్జిగ, నూనె ఏవీ నోట్లో పోయవద్దు. ఏ మందు తగిలిందని మీకు అనుమానమో ఆ డబ్బాను గాని, దాని చీటీని గాని వెంట పట్టుకుని, సరీసృపాలను చూసిన అనుభవం గల పశువైద్యుని దగ్గరికి అదే రోజు వెళ్లండి. అటువంటి వైద్యుడు రాజమహేంద్రవరంలోనో, కాకినాడలోనో, భీమవరంలోనో ఎక్కడ ఉన్నాడో ఇప్పుడే వాకబు చేసి, ఫోను నంబరును మందుల అలమర తలుపు లోపలి వైపున అంటించి ఉంచండి.