హెడ్‌లైటు అద్దం లోపల చెమ్మ పడితే ఏం చేయాలి

వానకాలం మొదలైనప్పటి నుంచి సంక్రాంతి మంచు తగ్గేదాకా, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కారు నడిపేవారికి తెల్లవారుజామున తరచుగా ఎదురయ్యే చికాకు ఒకటుంది. హెడ్‌లైటు అద్దం లోపలివైపు పొగమంచు కమ్మినట్టు తెల్లగా ఉంటుంది, బయట ఎంత తుడిచినా పోదు. అది చూసి కొత్త లైటు కొనడానికి సిద్ధపడేవారు కొందరైతే, కనిపించిన సందునల్లా సిలికాన్ పేస్టుతో మూయించేవారు మరికొందరు. ఈ రెండింటికీ ముందు, లోపల ఉన్నది ఆవిరా, నీళ్లా అన్నది తేల్చుకోవాలి.

హెడ్‌లైటు గాలి చొరబడని డబ్బా కాదు. బల్బు వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆర్పిన తరువాత చల్లబడి కుంచించుకుంటుంది. ఆ రాకపోకల కోసమే వెనకవైపు సన్నని రంధ్రాలు ఉంచి, వాటికి వంపు తిరిగిన రబ్బరు గొట్టాలను గాని, గాలిని వదిలి నీటిని ఆపే పలుచని పొరను గాని అమరుస్తారు. గాలితోపాటు తేమ కూడా లోపలికి చేరుతుంది కనుక, రాత్రి అద్దం చల్లబడినప్పుడు ఆ తేమ దాని మీద పేరుకుంటుంది. దూరప్రయాణం చేసి వచ్చి, లైట్లు వేడిగా ఉండగానే చన్నీళ్లతో బండి కడిగినా ఇదే జరుగుతుంది.

కాబట్టి మొదట లైట్లు వేసుకుని ఇరవై, ముప్ఫై నిమిషాలు బండి నడిపి చూడండి. పలుచని చెమ్మ బల్బు ఎదుటి నుంచి మొదలై క్రమంగా విడిపోతే చేయవలసినదేమీ లేదు. ఎల్‌ఈడీ లైట్ల వేడి ఎక్కువగా వెనకవైపుకు పోతుంది, అద్దం అంతగా వేడెక్కదు. అందువల్ల వాటిలో చెమ్మ ఆరడానికి ఎక్కువ సమయం పట్టినా కంగారుపడనవసరం లేదు. అయితే పెద్ద పెద్ద బొట్లు, కారిన చారలు, అడుగున నిలిచిన నీరు కనిపించినా, రెండు రోజులు మంచి ఎండ కాసిన తరువాత కూడా ఒకవైపు లైటులో మాత్రమే చెమ్మ మిగిలినా, నీళ్లు దూరే దారి ఎక్కడో ఉందన్నమాట.

ఆ దారి చాలాసార్లు లైటు వెనక బల్బుకు తొడిగే రబ్బరు కవరు దగ్గరే దొరుకుతుంది. బల్బు మార్చినవారు దాన్ని సరిగా కూర్చోబెట్టకపోవడం ఒక కారణం. ఫ్యాను ఉన్న ఎల్‌ఈడీ బల్బు పట్టడం లేదని కవరును కోసేయడమో, అసలు తొడగకుండా వదిలేయడమో ఇంకో కారణం. ఇది మన దగ్గర మరీ ఎక్కువ. లైట్లు ఆర్పి, చల్లారిన తరువాత బ్యాటరీ నెగటివ్ తీగ తప్పించి, కవరు అంచు చుట్టూ వేలితో తడిమి చూడండి. చీలినా, గట్టిపడినా కొత్తది వేయించండి. తరువాత గాలి రంధ్రాలను పరిశీలించండి. మిర్యాలగూడ వైపు రైసుమిల్లుల మధ్య, వరికోతల వేళ తిరిగే బండ్లలో దుమ్ము, పొట్టు పేరుకుని అవి పూడుకుపోవచ్చు. మెత్తని బ్రష్షుతో దులపాలే తప్ప, పిన్నుతో పొడవకూడదు, పొర చిరుగుతుంది.

నా కారు విషయంలో ఒక షెడ్డులో ఈ రంధ్రాలను కూడా పేస్టుతో మూసేశారు. చలికాలమంతా లోపలి తేమ బయటికి పోయే దారి లేక, చెమ్మ మరింత పెరిగింది. చివరికి ఆ పేస్టు గీకించి, రెండు రోజులు ఎండలో ఉంచితే తేరుకుంది.

లోపల ఆరబెట్టడానికి కవరు, బల్బు తీసి బండి ముందుభాగాన్ని ఎండకు తిప్పి నిలబెడితే సాధారణంగా చాలు. తొందరైతే హెయిర్ డ్రయ్యరును తక్కువ వేడి మీద, కాస్త దూరం నుంచి వాడవచ్చు. హీట్ గన్ మాత్రం వద్దు. మనం అద్దమనే ఆ భాగం నిజానికి పాలీకార్బనేట్ ప్లాస్టిక్, వంకర పోతుంది. సిలికా జెల్ పొట్లాలను రాత్రి లోపల ఉంచి, పొద్దున బల్బు పెట్టకముందే మరచిపోకుండా తీసేయాలి. మెరిసే లోపలి గోడను గుడ్డతో తుడవకండి, పూత లేచిపోతుంది. హాలోజెన్ బల్బు గాజును ఒట్టి వేళ్లతో ముట్టుకోకండి. నీరు కారిపోవాలని అడుగున డ్రిల్లుతో రంధ్రం వేసే పద్ధతి ఒకటి ఉంది. దానివల్ల దుమ్ము, వాననీరు రెండూ లోపలికి వస్తాయి.

కవరు బాగున్నా నీళ్లు వస్తుంటే, లైటును ఊడదీయించి, ఒకటి తప్ప మిగతా గాలి రంధ్రాలను తాత్కాలికంగా మూసి, అతుకుల మీద సబ్బునీరు రాసి, తెరిచి ఉంచిన ఆ రంధ్రం నుంచి నోటితో మెల్లగా ఊదాలి. పంక్చరు షాపులో ట్యూబును నీటిలో ముంచి చూసినట్టే, బుడగలు లేచిన చోటే లోపం. అక్కడ శుభ్రం చేసి, పూర్తిగా ఆరిన తరువాత, పులుపు వాసన రాని న్యూట్రల్ రకం సిలికాన్ రాసి ఒక రోజు వదిలేయాలి. వారంటీ ఉన్న బండి అయితే ఇదంతా చేయకుండా నేరుగా సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లడం మేలు.

లైటును మళ్లీ బిగించిన తరువాత సమతలంగా ఉన్న చోట గోడకు ఎదురుగా బండి నిలిపి, రెండు లైట్ల వెలుగు ఒకే ఎత్తులో పడుతోందో లేదో చూడండి. తేడా ఉంటే వెనక ఉన్న స్క్రూతో సరిచేయించుకోండి, లేకపోతే ఎదురు బండివారి కళ్లలో పడుతుంది.