ఫారం-సి నింపే ముందు: ఊరి అడవి పటం గీసుకోవడం ఎలా

పాడేరు, అరకు కొండల్లోని గూడేలు 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరుల హక్కు, అంటే ఊరంతా కలిసి తమ అడవిని కాపాడుకుని నిర్వహించుకునే హక్కు, కోరాలంటే ఫారం-సి అనే దరఖాస్తులో ఊరి సంప్రదాయ హద్దులను చూపాలి. ఆ హద్దులు ఆఫీసు పటాల్లో కన్నా పెద్దల నోట స్పష్టంగా ఉంటాయి కాబట్టి ముందు నడవాలి, తరువాతే రాయాలి.

షెడ్యూల్డ్ ప్రాంతంలో (రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గుర్తించిన గిరిజన ప్రాంతంలో) పంచాయతీ అంతా కూడనక్కరలేదు. గూడెమే గ్రామసభగా కూర్చోవచ్చు. సభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలుండాలి. ఆ సభ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుంటుంది.

నడకకు కొండచీపురు కోతకాలం అనువైనది. ఆకు రాలి హద్దురాళ్లు కనబడతాయి, జనమూ ఎలాగూ కొండెక్కుతారు. పెద్దలతో పాటు పశువుల కాపరులనూ, విస్తళ్లు కుట్టే అడ్డాకులు కోసే ఆడవాళ్లనూ తప్పక తీసుకెళ్లండి. వాళ్లు లేకుండా గీసిన పటం నా దృష్టిలో సగం పటమే. గెడ్డ (వాగు), బండ, పాత ఇప్పచెట్టు, దేవత కొలువు, ఇలా ప్రతి చోటా ఆగి దాని పేరు, అక్కడ ఎవరు ఏ నెలలో ఏం సేకరిస్తారో రాసుకోవాలి. పేర్లను కువిలోనో (కోందుల భాష) ఆదివాసీ ఒడియాలోనో పలికినట్టే రాయండి, తెలుగులోకి మార్చకండి. అడ్డతీగ దగ్గర ఆగినప్పుడు ఆకును వేళ్ల మధ్య మడిచి, ఇది విస్తరికి ఆగుతుంది, ఈ లేతది తీగకే వదలాలి అని ఆకు కోసే ఆమె చెప్పే మాటనూ, చీపురును పెరికితే దుబ్బు చస్తుంది గనుక కొడవలితోనే కోయాలన్న కట్టుబాటునూ నమోదు చేయండి. రేపు అడవి నిర్వహణ ప్రణాళికకు అవే పునాది.

పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెడితే అదీ ఆధారమే. అయితే హక్కు కోరనివారి మాటకే ఆ విలువ ఉంది కనుక పక్క ఊరి పెద్దల చేతా చెప్పించండి. ఒక్క ఆధారంతో సరిపెట్టుకోవద్దు. ఫోన్ జీపీఎస్ గుర్తులు తోడుగా ఉంటాయే తప్ప ఆ సాక్ష్యానికి బదులు కావు. హద్దు తగాదా ఉంటే రెండూళ్ల కమిటీలు కలిసి కూర్చుని తేల్చుకోవాలి. అటవీ హక్కుల కమిటీ హద్దులను వెళ్లి చూసే క్షేత్ర పరిశీలన తేదీని అటవీ శాఖకు ముందే రాతపూర్వకంగా తెలపాలి.

గ్రామసభ తీర్మానంతో దరఖాస్తును సబ్ డివిజన్ స్థాయి కమిటీకి ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. ఆ కమిటీ తిరస్కరిస్తే 60 రోజుల్లోగా జిల్లా స్థాయి కమిటీకి అప్పీలు చేయవచ్చు. అందుకే పటం, వాంగ్మూలాల నకళ్లు ఊళ్లోనే ఉంచుకోవాలి.