గేర్‌బాక్స్ మనమే చూసుకుందాం – 4వ పాఠం: పాత ఆయిల్ దించి చూడటం

తప్పు క్లచ్‌దా, గేర్‌బాక్స్‌దా అని తేల్చుకోవడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేర్లన్నీ హాయిగా పడుతూ, స్టార్ట్ చేశాక మాత్రమే పట్టేస్తుంటే ముందు క్లచ్‌నే అనుమానించాలి. మీ బండి ఆ పరీక్ష దాటి ఉంటే, లేదా దాని గేర్ ఆయిల్‌ను ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోకపోతే, ఈ పాఠం మీకోసమే.

ఇది చేత్తో గేర్లు వేసే కార్లకే. సీవీటీ, ఆటోమేటిక్ బళ్లకు ఆయిల్ వేరు, పద్ధతీ వేరు. వాటి జోలికి వెళ్లకండి.

విశాఖలో ఉన్నవాళ్లు ఈ పని వాయిదా వేయకూడదని గట్టిగా చెబుతాను. మన బళ్లు సింహాచలం కొండ ఎక్కుతాయి, శృంగవరపుకోట దాటి అరకు ఘాట్‌లో గంటసేపు సెకండ్, థర్డ్ గేర్ల మీదే లాగుతాయి. బాక్సు బాగా వేడెక్కుతుంది. దానికి తోడు వానాకాలం. గేర్‌బాక్స్ పైన గాలి పోయి వచ్చేందుకు బ్రీదర్ అనే చిన్న గొట్టం ఉంటుంది. వేడిగా ఉన్న బాక్సు నిలిచిన నీళ్లలో దిగిందంటే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది. అప్పుడు బ్రీదర్ దగ్గరికి నీళ్లు చేరితే అక్కణ్ణుంచి, లేదా అరిగిన సీళ్ల పక్కనుంచి, నీటిని లోపలికి పీల్చేస్తుంది. బయటికి ఏమీ తెలియదు. బండి మామూలుగానే నడుస్తుంది. కొన్ని నెలలకు బేరింగులు తుప్పు పట్టి మోత మొదలవుతుంది, అప్పుడు బాక్సు దించక తప్పదు. అందుకే తలుపు అంచు దాకా నీళ్లలో నడిచిన బండికి కిలోమీటర్ల లెక్క చూడకుండా ఆయిల్ దించి చూడాల్సిందే. మిగతా బళ్లకు, బండితో పాటు ఇచ్చే యజమాని పుస్తకంలో రాసిన గడువే ప్రమాణం.

ఆయిల్ కూడా ఆ పుస్తకం చూసే కొనండి. చాలా చిన్న కార్లకు సుమారు 2 లీటర్లు పడుతుంది. డబ్బా మీద 75డబ్ల్యూ-80, 75డబ్ల్యూ-90 లాంటి చిక్కదనం అంకెతో పాటు జీఎల్-4, జీఎల్-5 అనే గుర్తు ఉంటుంది. అయిదు పెద్దది కాబట్టి మేలురకం అనుకోకండి. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ. గేర్లను మెత్తగా కలిపే సింక్రో రింగులు చాలా బళ్లలో ఇత్తడివి, కొన్ని రకాల జీఎల్-5 వాటిని తినేస్తుంది. జీఎల్-4 అని రాసి ఉంటే జీఎల్-4 మాత్రమే పొయ్యండి, కొట్టువాడు ఏం చెప్పినా సరే.

ఇక పని. బండిని పది నిమిషాలు తిప్పి రండి, గోరువెచ్చటి ఆయిల్ తేలిగ్గా దిగుతుంది. తర్వాత సమతలంగా ఉన్న చోట ఆపండి. మన ఊళ్లో చాలా సందులు ఏటవాలు, ఇంటి ముందు కుదరకపోతే షెడ్డులో గొయ్యి అడిగి వాడుకోండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరవద్దు. గట్టి స్టాండ్లు పెట్టాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి. ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు.

బాక్సుకు రెండు నట్లుంటాయి. కిందిది ఆయిల్ దించేది, పక్కన కాస్త ఎత్తులో ఉన్నది పోసేది. ముందు విప్పాల్సింది పోసే నట్టు. ఆయిల్ మొత్తం దించేశాక పై నట్టు రాలేదనుకోండి, ఖాళీ బాక్సుతో బండి అక్కడే నిలిచిపోతుంది. బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఉండేవాళ్లకు ఇది ఉత్త భయం కాదు. ఇనుప నట్టు అల్యూమినియం బాక్సులో ఉప్పుగాలికి కరుచుకుపోతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. అంచులు పట్టి సరిపోయే పానాతోనే తిప్పండి, వదులు పానాతో తిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతుంది.

పై నట్టు వదులయ్యాకే కిందిది తీసి, తెల్లటి లేదా లేత రంగు టబ్‌లోకి ఆయిల్ పట్టండి. ఈ పాఠమంతా ఈ టబ్ కోసమే. చాలా నట్లకు చివర అయస్కాంతం ఉంటుంది. దానికి అంటుకున్న బూడిదరంగు ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూడండి. కాటుకలా మెత్తగా జారితే కంగారు లేదు, అది మామూలు అరుగుదల. గరగరలాడినా, గోటికి తగిలే పెళ్లలు ఉన్నా గేరు పన్నో బేరింగో విరుగుతోందన్నమాట, కొత్త ఆయిల్ దాన్ని బాగుచేయదు. తర్వాత టబ్‌ను ఎండలోకి లాగి ఆయిల్‌ను మెల్లగా కదపండి. అందులో పసుప్పచ్చటి మెరుపు కనిపిస్తే అది సింక్రో రింగులది. ఏదో ఒక గేరు వేసేటప్పుడు కర్రుమంటోందని మీకు ఈపాటికే తెలిసి ఉండొచ్చు. ఆయిల్ తెల్లగా మసకబారి నురగలు కడితే నీళ్లు చేరినట్టే. అలాంటప్పుడు కొత్తది పోసి, కొన్ని రోజులు నడిపి, మళ్లీ ఒకసారి దించి చూడండి.

ఫోన్‌తో ఒక ఫొటో తీసి, తేదీ, కిలోమీటర్లు రాసిపెట్టుకోండి. తర్వాత మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ ఫొటోతో సగం మాట తేలిపోతుంది.

కింది నట్టుకు కొత్త వాషర్ వేసి బిగించండి. బలం చూపించకండి, అల్యూమినియం మరలు చిటికెలో పోతాయి. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా, అంటే టార్క్ రెంచ్, దొరికితే పుస్తకంలోని అంకెకే బిగించండి. పైనుంచి గొట్టం, గరాటు పెట్టి ఆయిల్ పోస్తూ ఉంటే కాసేపటికి రంధ్రం అంచు దాటి కారడం మొదలవుతుంది. అది చుక్కలకు తగ్గాక నట్టు మూసేయండి. చాలా బళ్లకు అదే సరైన మట్టం. ముందు చక్రాలు మాత్రమే లేపి పోస్తే ఈ మట్టం తప్పు చూపిస్తుంది, నాలుగూ సమానంగా లేపాలి.

పాత ఆయిల్‌ను కాలవలో పోయకండి. మన గెడ్డలన్నీ సముద్రంలోకే పోతాయి. డబ్బాలో మూత పెట్టి, వాడిన ఆయిల్ తీసుకునే షెడ్డులో ఇవ్వండి.

రెండు రోజులు బండి కింద అట్ట పరిచి, చుక్క పడిందేమో పొద్దున్నే చూడండి. పడితే నట్టును ఇంకా బిగించకుండా ముందు వాషర్ చూడండి. కొత్త ఆయిల్‌తోనూ గేరు గట్టిగానే పడుతుంటే కేబుళ్లు, బుష్‌లు చూడాలి. అయిదో పాఠం వాటి గురించే, దానికి ఒక టార్చి, పాత టూత్‌బ్రష్ సిద్ధంగా పెట్టుకోండి.